ఫలం చూసి తీర్పు చెప్పవచ్చునా? – హైదరాబాదు జట్ల బేరసారాలు



తెలుగు పండితుడికి క్రికెట్ వేలంపాటతో ఏమి పని అని కొందరికి సందేహం రావచ్చు. దశాబ్దాల తరబడి జవాబు పత్రాలు దిద్దినవాడికి, ఎవరు ఎంత మార్కులకు అర్హులు అన్న విషయం మీద ఒక పట్టింపు మిగిలిపోతుంది. ఆ పట్టింపే ఈ టపా వ్రాయిస్తున్నది.

ఐపీఎల్ ముగిసిన ప్రతి వేసవిలోనూ మా టెక్కలిలోనూ, పలాస–కాశీబుగ్గ టీ కొట్ల దగ్గరా కుర్రవాళ్లు ఒక జాబితా వల్లె వేస్తారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం చేసిన ఘోర తప్పిదాల జాబితా అది. ఫలానావాడిని ఇన్ని కోట్లు పోసి కొన్నారు, వాడు ఇన్నే పరుగులు చేశాడు. ఫలానావాడిని శిక్షకుడిగా తెచ్చారు, జట్టు అట్టడుగుకు పోయింది. ఆ లెక్కలలో అబద్ధమేమీ లేదు. కాని ఆ జాబితా తలక్రిందులుగా ఉన్నదని నా అభిప్రాయం. ఈ జట్టు చేసిన అసలు తప్పులు ఎక్కువ ధర పెట్టి కొనడంలో లేవు. చేతిలో ఉన్నదానిని తేలికగా వదులుకోవడంలో ఉన్నాయి.

ముందుగా ఒక మాట. అమెరికా, కెనడా దేశాల ఐస్ హాకీ జట్లలో జనరల్ మేనేజర్ అని ఒక పదవి ఉంటుంది. ఆటగాళ్లను కొనడం, మార్చుకోవడం, శిక్షకుడిని నియమించడం, తొలగించడం అన్నీ అతని పేరు మీదనే నడుస్తాయి. ఎడ్మంటన్ జట్టు మేనేజర్ పీటర్ షియరెల్లి 2016లో టేలర్ హాల్‌ను ఇచ్చి ఆడమ్ లార్సన్‌ను తెచ్చుకున్నాడు. 2018లో హాల్ ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. 2019 జనవరిలో షియరెల్లి పదవి పోయింది. నింద వేయడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. మన ఐపీఎల్‌లో వేలం బల్ల చుట్టూ యజమాని, డైరెక్టరు, ప్రధాన శిక్షకుడు, లెక్కలు కట్టేవారు అందరూ కూర్చుంటారు. గెలిస్తే అందరిదీ, ఓడితే ఎవరిదీ కాదు. కాబట్టి ఈ టపాలో నేను ‘యాజమాన్యం’ అన్నప్పుడు ఆ బల్ల మొత్తాన్ని ఉద్దేశించి అంటున్నానని గ్రహించగలరు.

ఇక తీర్పు చెప్పే కొలబద్ద. పదవ తరగతి పత్రంలో పద్యపాదం ఇచ్చి, గణవిభజన చేసి ఏ వృత్తమో చెప్పమంటాము. ఒక విద్యార్థి గురులఘువులు సరిగా గుర్తించి, భ ర న భ భ ర వ అని చక్కగా విభజించి, చివరకు తొందరలో ‘చంపకమాల’ అని వ్రాస్తాడు. మరొకడు గణాల జోలికి పోకుండా ‘ఉత్పలమాల’ అని ఒక్క మాట వ్రాసి ఊరుకుంటాడు. చివరి మాట మాత్రమే చూస్తే రెండవవాడే గొప్ప. దిద్దేవాడు అలా దిద్దితే ఆ బడిలో ఛందస్సు నేర్చుకునేవాడే ఉండడు.

మన శాస్త్రకారులు దీనికి పేర్లు పెట్టి ఉంచారు. కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడం కాకతాళీయం. పురుగు కర్రను తొలుచుకుంటూ పోగా ఆ గీతలలో ఒక అక్షరం ఏర్పడితే అది ఘుణాక్షరం; పురుగుకు అక్షరాలు వచ్చునని ఎవరూ అనరు. వేలంపాటలో ఈ రెండూ పుష్కలంగా జరుగుతాయి. కాబట్టి నేను అడిగే ప్రశ్నలు మూడు. ఆ రోజున వారికి తెలిసిన సంగతులేమిటి? వారి ముందు ఉన్న వేరే దారులేమిటి? జరిగినదాని నుండి నేర్చుకున్నారా, మళ్లీ అదే చేశారా? ఫలితం నాలుగవ ప్రశ్న.

ఈ కొలబద్దతో మొదట 2018 నవంబరు నాటి మార్పిడిని చూద్దాము. తాను అమ్ముడైన 5.2 కోట్ల ధర పట్ల శిఖర్ ధవన్ అసంతృప్తితో ఉన్నాడని జట్టే ప్రకటించి, అతనిని ఢిల్లీకి ఇచ్చి, బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకుంది. ధవన్ 2019లో ఢిల్లీకి 521 పరుగులు, 2020లో రెండు శతకాలతో 618 పరుగులు చేశాడు. సన్‌రైజర్స్ చరిత్రలోనే చెత్త బేరమని అందరూ అన్నారు. ఆ ముగ్గురిలో చివరివాడికి అప్పటికి 18 ఏళ్లు. అదే ఏడాది ప్రపంచకప్ గెలిచిన 19 ఏళ్ల లోపువారి జట్టులో ఉన్నాడు. ఐపీఎల్‌లో తన తొలి మ్యాచ్‌లో 19 బంతులలో 46 పరుగులు చేశాడు. అంటే ఆనవాలు కనబడుతూనే ఉంది.

ఆ బేరానికి నెల ముందు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను మా పలాస వద్దనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత పడిపోయిన చెట్ల మధ్యనే కొబ్బరి మొక్క నాటిన రైతులున్నారు. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. మూడవ ఏట తోటలోకి వచ్చి, కాయ లేదేమని రైతును తప్పుపట్టేవాడికి వ్యవసాయం తెలియదని అంటాము. అభిషేక్ శర్మ 2024లో 484 పరుగులు చేశాడు, 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబుపై 55 బంతులలో 141 చేశాడు. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారతీయుడి అత్యధిక స్కోరు అది. ఇందులో ఘుణాక్షరం పాలు కొంత లేకపోలేదు. 2022 వేలానికి ముందు అతనిని కూడా వదిలివేసి, తిరిగి 6.5 కోట్లకు కొనుక్కున్నారు. కాని కొన్న తరువాత 2023లో అతడు 226 పరుగులే చేసినప్పుడు పీకి పారవేయలేదు. ఆ ఓపికకు మార్కులు వేయవలసిందే.

ఇప్పుడు అందరి నోళ్లలో నానే హ్యారీ బ్రూక్ సంగతి. 2022 డిసెంబరు వేలంలో 1.5 కోట్ల మూలధర గల కుర్రవాడిని 13.25 కోట్లకు కొన్నారు. 2023లో 11 మ్యాచ్‌లలో 190 పరుగులు. అందులో కోల్‌కతాపై ఒక్క ఇన్నింగ్స్‌లోనే అజేయంగా 100. మిగిలినవన్నీ కలిపి 90. ఫలం చూస్తే సున్నా మార్కులు. అయితే ఆ వేలానికి ముందే అతడు పాకిస్తాన్‌లో వరుసగా మూడు టెస్టులలో మూడు శతకాలు బాదాడు. అటువంటివాడి కోసం పోటీపడింది హైదరాబాదు ఒక్కటే కాదు. భారతీయ పిచ్‌లపై స్పిన్‌ను అతడు ఎలా ఎదుర్కొంటాడో పరీక్ష కాకుండా అంత ధరకు పోవడం అత్యాశ. కాని అది ఆలోచన లేని పని కాదు. మా పలాసలో జీడిపిక్కల వ్యాపారి బస్తాలోనుండి గుప్పెడు పిక్కలు తీసి, కోసి, పప్పు చూసి ధర చెబుతాడు. ఆ గుప్పెడు బాగుండి బస్తా పుచ్చిపోవడమూ ఉంటుంది. అది నష్టం, నేరం కాదు. పైగా అదే రోజున అదే బల్ల హైన్రిచ్ క్లాసెన్‌ను 5.25 కోట్లకు కొన్నది. అతడు ఆ ఏడాదే 448 పరుగులు చేశాడు. తిట్టేవారు రెండింటినీ కలిపి లెక్క కట్టాలి.

బ్రూక్ కంటే పెద్ద తప్పు అతనిని కొనడానికి కొంత చోటు ఇచ్చిన నిర్ణయం. 2022లో 10.75 కోట్లకు తెచ్చుకున్న నికొలస్ పూరన్ అంతకు ముందు ఏడాది పంజాబుకు 12 మ్యాచ్‌లలో 85 పరుగులే చేసినవాడు. అయినా నమ్మి కొన్నారు. అతడు 306 పరుగులు చేసి ఆ నమ్మకాన్ని కొంతవరకు నిలబెట్టాడు. అప్పుడు వదిలేశారు. లక్నో అతనిని 16 కోట్లకు తీసుకుని 2024లో 499, 2025లో 524 పరుగులు పిండుకున్నది. విత్తు వేయడానికి ధైర్యం చేసి, మొలక వచ్చాక దున్నివేయడం అంటే ఇదే.

ఈ జబ్బు సన్‌రైజర్స్‌తో మొదలైనది కాదు. దక్కన్ ఛార్జర్స్‌ను గుర్తు చేసుకోండి. 2008లో ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానం. ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పోసి కూడా 14 మ్యాచ్‌లలో రెండే గెలుపులు. మరుసటి ఏడాది సారథిగా గిల్‌క్రిస్ట్, శిక్షకుడిగా డారెన్ లేమన్ వచ్చారు. 2009 మే 24న బెంగుళూరుపై 6 పరుగుల తేడాతో కప్పు గెలిచారు. 2010లో సెమీఫైనల్ దాకా వెళ్లారు. 2011 పెద్ద వేలానికి ముందు నలుగురిని అట్టిపెట్టుకునే అవకాశం ఉండగా ఒక్కరినీ ఉంచుకోలేదు. రోహిత్ శర్మ 20 లక్షల డాలర్లకు ముంబయి పోయాడు. అతని సారథ్యంలో ముంబయి 2013, 2015, 2017, 2019, 2020లలో అయిదు సార్లు కప్పు గెలిచింది.

ఇక్కడ నా కొలబద్దకే ఒక పరీక్ష ఉంది. ఆ ఏడాది కోల్‌కతా కూడా ఎవరినీ ఉంచుకోలేదు. గంభీర్‌ను కొని 2012లో కప్పు గెలిచింది. ఒకే పని ఒకరికి ఒప్పు, మరొకరికి తప్పు ఎలా అవుతుంది? తెలిసిన సంగతులు వేరు గనుక. కోల్‌కతా మొదటి మూడేళ్లలో ఒక్కసారి కూడా సెమీఫైనల్ చూడలేదు. అక్కడ నిలుపుకోదగినది తక్కువ. దక్కన్‌కు ఒక కప్పు, ఒక సెమీఫైనల్, 23 ఏళ్ల రోహిత్ ఉన్నారు. మొదటి ఆటగాడిని ఉంచుకుంటే 90 లక్షల డాలర్ల సంచిలో 18 లక్షలు తగ్గేవి. రోహిత్ బయట పలికిన ధర అంతకంటే ఎక్కువ. లెక్క ఆనాడే తప్పింది. 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టునే రద్దు చేసింది. రద్దుకు కారణం ఆర్థికమైనదే గాని ఆట కాదు. ఆ రెంటినీ ముడిపెడితే అది కాకతాళీయమవుతుంది.

సన్‌రైజర్స్ విషయంలో నా దృష్టిలో అన్నిటికంటే బరువైనవి 2021 నాటి రెండు నిర్ణయాలు. మొదటిది డేవిడ్ వార్నర్ సంగతి. 2014 నుండి ఈ జట్టుకు ఆడిన ఆరు సీజన్లలోనూ అతడు 500కు తగ్గలేదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిపెట్టాడు. 2021లో మొదటి ఆరు మ్యాచ్‌లలో ఒకటే గెలవడంతో మే 1న సారథ్యం తీసివేశారు. అంతవరకు వాదనకు నిలుస్తుంది. సారథిని మార్చే హక్కు వారికి ఉంది, అతని వేగమూ ఆ ఏడాది మందగించింది. కాని మరుసటి మ్యాచ్‌కే జట్టులో నుండి తొలగించారు, సీజన్ ముగిశాక వదిలేశారు. ఏరు దాటి తెప్ప తగలవేయడమంటే పెద్దలు చెప్పినది ఇదే. ఎనిమిది మ్యాచ్‌ల సాక్ష్యం ఆరు సీజన్ల సాక్ష్యాన్ని కొట్టివేసింది. అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో అతడు 289 పరుగులతో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022 మే 5న ఢిల్లీ తరఫున ఇదే హైదరాబాదుపై అజేయంగా 92 చేశాడు. ఈ చివరి రెండు వాక్యాలు లేకపోయినా నా తీర్పు మారదు. నిర్ణయం జరిగిన రోజుననే అది తప్పు.

రెండవది రషీద్ ఖాన్. 2017లో 4 కోట్లకు కొని, 2018లో 9 కోట్లకు నిలుపుకున్న ఆణిముత్యం. 2021 నవంబరులో విలియమ్సన్‌ను 14 కోట్లకు, ఇద్దరు కొత్త కుర్రవాళ్లను తలా 4 కోట్లకు ఉంచుకుని ఇతనిని పోనిచ్చారు. ఉండడానికి ఆటగాడి అంగీకారం కూడా కావాలన్నది నిజమే. అయినా ఆ ఆటలో ప్రపంచంలోనే అరుదైన బౌలరును ఒప్పించడమే యాజమాన్యం పని. గుజరాత్ 15 కోట్లకు తీసుకుంది, మొదటి ఏడాదే 2022లో కప్పు గెలిచింది. 2023లో రషీద్ 27 వికెట్లు తీశాడు. విలియమ్సన్ 2022లో 13 ఇన్నింగ్స్‌లలో 216 పరుగులు చేసి బయటకు నడిచాడు.

శిక్షకుల విషయం చూడండి. టామ్ మూడీ 2013 నుండి 2019 వరకు ఏడేళ్లలో అయిదుసార్లు జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. అతనిని మార్చి, ఇంగ్లండుకు ప్రపంచకప్ గెలిపించిన ట్రెవర్ బేలిస్‌ను తెచ్చారు. 2020లో మూడవ స్థానం, 2021లో చివరి స్థానం, బేలిస్ వెళ్లాడు. 2022లో మళ్లీ మూడీ. 2023లో బ్రయాన్ లారా. బ్యాటు పట్టినవారిలో మహామహుడు, కాని ఐపీఎల్‌లో అంతకు ముందు ఏ జట్టుకూ ప్రధాన శిక్షకుడిగా పనిచేయలేదు. 14 మ్యాచ్‌లలో నాలుగు గెలుపులు, పదింట పదవ స్థానం. 2024కు వెటోరి. అయిదేళ్లలో ప్రధాన శిక్షకుడు మారడం నాలుగుసార్లు. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఈ బల్ల మీద చెక్కి పెట్టవచ్చు. లారా నియామకం తప్పా అని అడిగితే అవునంటాను. మహాకవి అయినంత మాత్రాన ఛందస్సు బాగా చెబుతాడని లేదు. అయితే అంతకంటే పెద్ద తప్పు, శిక్షకులను పదే పదే మార్చే అలవాటు.

మెచ్చుకోవలసినచోట మెచ్చుకోకపోతే దిద్దినవాడిది తప్పవుతుంది. 2023 డిసెంబరులో పాట్ కమ్మిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నప్పుడు నవ్వినవారే ఎక్కువ. కాని ఆ ఏడాది జూన్‌లో టెస్టు ఛాంపియన్‌షిప్, నవంబరులో ప్రపంచకప్ గెలిచిన సారథి అతడు. సారథి లేని జట్టు సారథిని కొనుక్కున్నది. 2024లో ఫైనల్‌లో కోల్‌కతా చేతిలో 113కే ఆలౌటైనా ఆ నిర్ణయానికి పూర్తి మార్కులు. 2025లో ఆరవ స్థానానికి పడిపోయినా వెటోరినీ, కమ్మిన్స్‌నూ వెంటనే మార్చకపోవడం ఇంకా మంచి గుర్తు.

మన తెలుగువాళ్ల సంగతి ఎత్తకపోతే మిత్రులు ఊరుకోరు. హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొని, ఆరు మ్యాచ్‌లలో 10 వికెట్లు తీసినా మరుసటి ఏడాదే పోనిచ్చారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాలేదు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ తరఫున ఉప్పల్‌కే వచ్చి 17 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. నా గుండె కూడా చివుక్కుమన్నది. కాని కొలబద్దను మనవాడి కోసం వంచరాదు. సిరాజ్ లేని ఆ బౌలింగుతోనే 2018లో జట్టు ఫైనల్‌కు చేరింది. ఆనాటి లెక్కలో అది క్షమించదగిన పొరపాటే. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తెచ్చి, మొదటి సీజన్‌లో దాదాపుగా ఆడించకపోయినా ఉంచుకుని, 2025కు 6 కోట్లతో నిలుపుకోవడం దానికి ప్రాయశ్చిత్తం అనుకుందాము.

ఇంత చర్చ ఆట కోసమేనా అంటే కాదు. ఫలం ఒక్కటే చూసే చూపు ఆటస్థలంలో ఆగదు. ఒక ఏడాది పదవ తరగతి ఉత్తీర్ణత శాతం తగ్గిందని, అంతకు ముందు పదేళ్లు పిల్లలను తీర్చిదిద్దిన ప్రధానోపాధ్యాయులను దోషులుగా నిలబెట్టడం నా ఉద్యోగకాలంలో చూశాను. ఆ చూపుకు భయపడినవాడు చదువు చెప్పడు, శాతం చూపిస్తాడు. అలాగే అభిమానుల కేకలకు భయపడే యాజమాన్యం జట్టును కట్టదు. ప్రతి ఏటా ఎవరినో ఒకరిని బలి ఇచ్చి, కొత్త ముఖాన్ని చూపిస్తుంది. వార్నర్, పూరన్, ముగ్గురు శిక్షకులు అలా వెళ్లినవారే. అంటే ఆ తప్పులలో కేకలు వేసిన మన వాటా కూడా ఉన్నది.

కాబట్టి నా వరుస ఇది. ఘోరమైన తప్పులలో మొదటిది వార్నర్‌ను పంపిన తీరు, రెండవది రషీద్‌ను పోనివ్వడం, మూడవది 2011లో దక్కన్ ఇల్లు ఖాళీ చేసుకోవడం, నాలుగవది శిక్షకులను పదే పదే మార్చడం, అయిదవది పూరన్‌ను విడిచిపెట్టడం. బ్రూక్ ఈ అయిదింటిలో లేడు. ధవన్ బేరం తప్పుల పట్టికలో నుండి తీసివేయదగినది.

నా వరుసతో విభేదించేవారు వ్యాఖ్యలలో తప్పక వ్రాయండి. అయితే చిన్న మనవి: ఎన్ని కోట్లు, ఎన్ని పరుగులు అని మాత్రమే కాక, ఆ రోజున ఆ బల్ల ముందు మీరు కూర్చుని ఉంటే ఏమి చేసేవారో కూడా వ్రాయండి. గణవిభజన చూపించినవారికే మార్కులు.